నూనెదా నేరం, అన్నానిదా?

ఇది సంక్రాంతి వెళ్లాక కరీంనగర్‌లో ఒక ఇంట్లో జరిగిన వాదన. బావకు కట్టె గానుగ ఉంది. నువ్వులు, పల్లీలు, కుసుమలు ఆడిస్తాడు. మరదలు ఆదిలాబాద్‌లో పాథాలజిస్టు. సూదితో తీసిన కాలేయపు ముక్కలను అద్దం పలక మీద పరిచి సూక్ష్మదర్శినిలో చూడటం ఆమె పని. కొత్త సీసాల మీద ‘ఫ్యాటీ లివర్‌కు మంచిది’ అని అచ్చు వేయిస్తానని బావ అన్నాడు. వేయించవద్దని మరదలు అంది. అక్కడ మొదలైంది. మధ్యలో సకినాల పళ్లెం. వినడానికి నేను.

బావ: నార్నూరు ముచ్చట నీకు తెల్వదా? మీ జిల్లాదే గదా. పుష్య పున్నమికి ఖాందేవ్ జాతరల తొడసం వంశం ఆడబిడ్డ రెండు కిలోలకు పైగ నువ్వులనూనె తాగుతది. 1961 నుంచి నడుస్తున్నదంటరు. ఏటేటా పేపర్ల ఫొటో వస్తది. మీరేమో స్కానింగ్ రిపోర్టుల ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అని కనబడంగనే నూనె బంద్ అంటరు.

మరదలు: ఆ మొక్కు వాళ్లకూ వాళ్ల దేవునికీ నడుమది, నేను అందులోకి పోను. ఇంకెవరన్న తాగి చూడుమని కూడా చెప్ప. లివర్ సంగతి అంటవా, ఏడాదికి ఒక్కనాటి నూనెతోని ఫ్యాటీ లివర్ రాదు. తిన్న కొవ్వు పేగుల నుంచి సీదా లివర్‌కు పోదు బావా. సన్నని బొట్లుగ మారి లింఫు నాళాల్లోకి ఎక్కుతది. మెడ కింద పెద్ద సిరలో రక్తంతోని కలుస్తది. ముందుగాల కండలు, ఒంట్లో ఉన్న కొవ్వు దాన్ని అందుకుంటయ్. మిగిలింది లివర్‌కు వస్తది.

బావ: అంటే నూనె తప్పు లేదని ఒప్పుకున్నట్టే.

మరదలు: పూర్తిగ కాదు. 2005లో అమెరికాలో తొమ్మిదిమంది రోగుల మీద లెక్క తీసిన్రు. కొవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేటట్టు తిండికి గుర్తులు పెట్టి, తర్వాత లివర్ ముక్క తీసి చూసిన్రు. లివర్‌లో పేరుకున్న కొవ్వులో 59 శాతం ఒంటి కొవ్వు కరిగి రక్తంలోకి వచ్చినది. 26 శాతం లివర్ సొంతంగ తయారు చేసుకున్నది. తిన్న కొవ్వు నుంచి వచ్చింది 15 శాతం.

బావ: పదిహేనే! మరి ఆ పదిహేను కోసం నా గానుగ మూయిస్తున్నరా?

ఇక్కడ నా ఓటు బావకే. పొట్ట స్కానింగ్ చేయించుకుని బయటికి వచ్చిన మనిషికి ‘నూనె మానెయ్’ అన్న ఒక్క ముక్క చెప్పి పంపడం చాలాచోట్ల చూస్తున్నాం. ఆ మనిషి నూనె మానేసి, ఆ వెలితిని అన్నంతో నింపుకుంటాడు. మరదలు కూడా ఇది కాదనలేదు. అయితే ఆమె ఆగింది అక్కడ కాదు.

మరదలు: ఆ 59 శాతం సంగతి అడుగవేంది? మన ఊర్లె గరిసె ఉండేది గదా, అది నిండినంక బస్తాలు వాకిట్ల వేస్తరు. తోలు కింది కొవ్వు గరిసె లాంటిది. అది పట్టినంత కాలం లివర్ చల్లగ ఉంటది. ఆ జాగ నిండినా, ఇన్సులిన్ మాట వినుడు మానేసినా కొవ్వు కరిగి రక్తంలోకి వస్తనే ఉంటది. లివర్ దాన్ని వద్దనలేదు. కొందరికి ఆ గరిసె పుట్టుకతోనే చిన్నది. 2010లో పశ్చిమ బెంగాల్, బీర్భూం జిల్లా పల్లెల్లో చూసిన్రు: నూటికి 8.7 మందికి ఫ్యాటీ లివర్. వాళ్లలో ముప్పావు వంతు మందికి బరువు సూచీ 25 కూడా లేదు. మనం చూస్తే బక్కోళ్లు అంటం.

బావ: ఇది ఐటోళ్ల రోగం అనుకున్న. హైదరాబాద్‌ల ఐటీ ఉద్యోగులు 345 మందిని చూస్తే 84 శాతానికి ఉన్నదని ఏఐజీ ఆసుపత్రి, సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లు 2025ల చెప్పిన్రు.

మరదలు: కుర్చీలో కూసున్నోళ్లకు ఎక్కువ, నిజమే. అట్లని సిరిసిల్లలో మరమగ్గం కాడ రాత్రంత నిలబడెటోనికి రాదని రాసిచ్చినోడు ఎవడూ లేడు. ఇగ ఆ 26 శాతం చూడు. ఎక్కువైన అన్నం, చక్కెర, బెల్లం, కూల్‌డ్రింకు లివర్‌కు చేరితే అది వాటిని కొవ్వు చేస్తది. ఏ కొవ్వు? మొదలు తయారయ్యేది పామిటిక్ ఆమ్లం. నువ్వు రోజూ తిట్టే పామాయిల్‌లో 44 శాతం దాకా ఉండేది గదే.

బావ: అన్నం తింటే నా కడుపుల పామాయిల్ తయారైతదా?

మరదలు: కడుపులో కాదు, లివర్‌లో. పామాయిల్ మొత్తం కాదు, అందులోని ముఖ్యమైన సరుకు. అదీ అవసరానికి మించి తిన్నప్పుడు.

బావ సకినం విరిచి చూశాడు. బియ్యప్పిండి, నువ్వులు, నూనె. వాదనలోని ముద్దాయిలు ముగ్గురూ ఒకే చుట్టలో ఉన్నారు. అయినా తిన్నాడు.

బావ: సరే. కొవ్వు కొవ్వే అంటవా, నూనెకూ నూనెకూ తేడా లేదా? రేషన్ షాపుల పామాయిల్ ప్యాకెట్ ఇచ్చిన రోజుల నుంచి మన నాలుక చెడింది. ఆదిలాబాద్‌ల సోయా పండుతది, పత్తి పండుతది. జగిత్యాల పొలాస కేంద్రం నువ్వుల రకాలు ఇచ్చింది. వండుకునేటిది మాత్రం ఇండోనేషియా, మలేషియా నుంచి వస్తది.

మరదలు: తేడా ఉన్నది. అక్కడ నువ్వే గెలిచినవ్, చెప్త విను. 2014లో స్వీడన్, ఉప్సలాలో 39 మంది పడుచు మనుషులకు ఏడు వారాలు రోజువారీ తిండి మీద అదనంగ కేకులు పెట్టిన్రు. సగం మందికి పామాయిల్‌తో చేసినవి, సగం మందికి పొద్దుతిరుగుడు నూనెతో చేసినవి. అందరు దాదాపు ఒక్కతీరుగ కిలోన్నర బరువు పెరిగిన్రు. లివర్ కొవ్వు మాత్రం పామాయిల్ తిన్నోళ్లకు బాగ పెరిగింది. 2018లో హెల్సింకీలో ఇంకో పరీక్ష. మూడు వారాలు రోజుకు వెయ్యి కేలరీలు అదనం. వెన్న, చీజ్ లాంటి సంతృప్త కొవ్వు తిన్నోళ్లకు లివర్ కొవ్వు 55 శాతం పెరిగింది, చక్కెరలు తిన్నోళ్లకు 33 శాతం. ఆలివ్ నూనె, పీకన్ గింజల లాంటి అసంతృప్త కొవ్వు తిన్నోళ్లకు 15 శాతం.

బావ: ఇంకేం! లేబుల్ మీద గదే రాయిస్త.

మరదలు: పదిహేను శాతం పెరిగిందన్న, తగ్గిందనలే. ‘తక్కువ చెడుపు’ అని రాయిస్తవా?

బావ: నువ్వు ఒక్కటే చదువుతున్నవా, నేనూ చదివిన. రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనెల లినోలియిక్ ఆమ్లం ఉంటది. అది మన రక్షణ కణాలను సంపుతదని 2016ల ‘నేచర్’ పత్రికల వచ్చింది. టీ కణాలు చస్తయట, అవి చస్తే లివర్ క్యాన్సర్‌కు దారి అయితదట. నా గిరాకీలకు గిది చెప్పే నేను రిఫైన్డ్ మాన్పిస్తున్న.

మరదలు: చదివింది నిజమే. సీడీ4 అనే టీ కణాలు. కొవ్వు నిండిన లివర్‌లో లినోలియిక్ ఆమ్లం వాటి మైటోకాండ్రియాను దెబ్బ తీస్తది, అవి చస్తయ్, గడ్డను ఆపే కాపలా తగ్గుతది. అది ఎలుకల్లో చూపించిన్రు. నీ నువ్వులనూనెలో లినోలియిక్ ఎంతో చెప్పు?

బావ: ...

మరదలు: నలభై శాతం పైనే. పొద్దుతిరుగుడును ఈ నేరం మీద జైలుకు పంపితే నువ్వులను కూడా పంపాలె. గానుగైనా, రిఫైన్డ్ అయినా ఆమ్లం మారదు. గానుగల వాసన మిగుల్తది, సెసమాల్ లాంటివి కొన్ని మిగుల్తయ్, అది వేరే. నీకు పనికొచ్చే పరీక్షను పట్టుకొని రెండోదాన్ని వదిలేస్తే సైన్స్ గాదు బావా, బేరం అయితది.

అక్క వంటింట్లోంచి నవ్వింది. బావకు కోపం వచ్చింది కానీ దాన్ని ప్రశ్నగా మార్చాడు. నాకు ఆయనలో నచ్చే గుణం అదే.

బావ: గయితే ఈ రక్షణ కణాల ముచ్చటేంది? కొవ్వు పేరుకునుడు ఒక రోగం. కణాలు కొట్లాడుడు అంటే సూక్ష్మక్రిములు ఉండాలె గదా. లివర్ల క్రిమి లేదు. మరి కొట్లాట ఎవరితోని?

మరదలు: నేను రోజూ చూసేది గదే. పలక మీద లివర్ ముక్క పెడితే కొవ్వు కనబడదు, దాని ఖాళీ జాగ కనబడుతది. ముక్కను సిద్ధం చేసే ఆల్కహాలు, జైలీన్‌లలో కొవ్వు కరిగిపోతది, కణాల లోపల తెల్లని గుండ్రటి బొక్కలు మిగుల్తయ్. నూటికి ఐదు కణాల కన్నా ఎక్కువ గిట్ల ఉంటే ఫ్యాటీ లివర్. చానామంది అక్కడే ఆగుతరు. కొందరికి ఆ కణాలు ఉబ్బుతయ్, లోపలి అల్లిక చెదురుతది. ఆ ఉబ్బిన దాని చుట్టూ, చచ్చిన దాని చుట్టూ చిన్న చిన్న నీలి కేంద్రకాలు మూగి ఉంటయ్. అవే నువ్వడిగినవి.

బావ: అవి ఎక్కడికెల్లి వచ్చినయ్?

మరదలు: కొన్ని పుట్టినప్పటి నుంచి అక్కడివే. కుఫర్ కణాలంటరు. పేగుల నుంచి వచ్చే రక్తమంతా పోర్టల్ సిర గుండా ముందు లివర్‌కే వస్తది. అందులో తిండి సారంతో పాటు పేగుల్లో ఉన్న బ్యాక్టీరియా ముక్కలు కూడ ఉంటయ్. రక్తం పారే సందుల్లో కూసుండి వాటిని ఏరి మింగుడు కుఫర్ కణాల పని. మామూలు రోజుల్లో చప్పుడు చెయ్యకుండా చేస్తయ్. కొవ్వు రోగం ముదిరినప్పుడు ఈ పాతోళ్లు కొంతమంది చచ్చిపోతరు. వాళ్ల జాగలోకి రక్తంలోంచి మోనోసైట్లు వచ్చి కూసుంటయ్. కొత్తగ వచ్చినోళ్ల తీరు వేరు. వేడి ఎక్కువ, సందేశాలు ఎక్కువ.

బావ: కొత్తోళ్లకు ఆ వేడి పామిటిక్ ఆమ్లం పెట్టిందా?

మరదలు: ఇరవై ఏండ్ల కిందట గట్లనే అనుకున్నరు. బ్యాక్టీరియాను పసిగట్టే టీఎల్ఆర్4 అనే గ్రాహకం ఉంటది కణాల మీద. సంతృప్త కొవ్వు కూడ అదే మీట నొక్కుతదని 2006లో గట్టిగ రాసిన్రు. పాఠాలు కూడ గట్లనే చెప్పిన్రు. 2018లో ఇంకో బృందం చూస్తే, పామిటిక్ ఆమ్లం ఆ మీటను సీదాగ నొక్కదని తేలింది. బ్యాక్టీరియా సరుకు ముందుగాల ఆ మీటను నొక్కి కణం లోపలి తీరు మార్చి ఉంటేనే, తర్వాత వచ్చిన పామిటిక్ ఆమ్లానికి ఆ కణం మంట పుట్టిస్తది. అంటే రెండు కలవాలె. పేగుల నుంచి వచ్చిన మురికి ఒకటి, కొవ్వు ఒకటి. హెల్సింకీ పరీక్షలో సంతృప్త కొవ్వు తిన్నోళ్ల రక్తంలో ఆ బ్యాక్టీరియా విషం కూడ పెరిగిందని మరువకు.

బావ: గయితే పేగుల సంగతి కూడ చూడాలె.

మరదలు: అందుకే మా దిక్కు జొన్న గట్క పోయి పాలిష్ బియ్యం వచ్చిందంటే నాకు బాధ. గట్కలో పీచు ఉంటది, అది పేగు గోడను గట్టిగ ఉంచే బ్యాక్టీరియాకు మేత. ఇప్పుడు మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం రేషన్‌లో వస్తున్నయ్. ఆకలి తీరింది, మంచిదే. జొన్న చేను మాత్రం పత్తి చేను అయింది.

ఆరు కిలోల సన్నబియ్యం సంగతి వచ్చేసరికి బావ రాజకీయంలోకి దిగాడు. ఒక పావుగంట వాదన పక్కదారి పట్టింది. దాన్ని వదిలేస్తున్నాను.

బావ: ఇంకొకటి చెప్పు. ఈ మంట పుట్టించే కణాలే అసలు దొంగలైతే, వాటిని ఆపే మందు ఇస్తే అయిపాయె. మేం నూనెలు, బియ్యం మానుడెందుకు?

మరదలు: ఇచ్చిన్రు. సెనిక్రివిరాక్ అని. మోనోసైట్లను లివర్‌కు పిలిచే దారులు మూసే మందు. పెద్ద పరీక్ష దాకా పోయింది. 2021లో ఫలితం లేదని ఆపేసిన్రు.

బావ: ఎందుకట్ల?

మరదలు: ఒక కారణం నాకు తోచేది చెప్త. గవే కణాలు శుభ్రం కూడ చేస్తయ్. లివర్‌లో నక్షత్రాకార కణాలుంటయ్. మామూలుగ విటమిన్ ఏ దాచిపెట్టుకుని ఉంటయ్. మంట సందేశాలు అందితే ఆ విటమిన్ పారేసి కొల్లాజెన్ నేసుడు మొదలుపెడ్తయ్. అదే మచ్చ, ముదిరితే సిర్రోసిస్. కుఫర్ కణాలు, మోనోసైట్ల నుంచి వచ్చిన కొత్తవి, రెండిటినీ మాక్రోఫేజ్‌లంటరు. గవే ఆ నేతను ఎగదోస్తయ్. మరి దెబ్బ ఆగినంక ఆ మచ్చను కోసి తీసేది ఎవరు? గవే మాక్రోఫేజ్‌లు. 2005లో ఎలుకల్లో చూపించిన్రు: దెబ్బ తగిలే కాలంలో వాటిని తీసేస్తే మచ్చ తగ్గింది, కోలుకునే కాలంలో తీసేస్తే మచ్చ కరగలే. మందు పోయి ఆపితే ఎవరిని ఆపినట్టు?

బావ: అంటే దొంగలు గాదు.

మరదలు: అన్నీ గంత మంచివి కూడ గావు. సీడీ8 టీ కణాలని ఉంటయ్. వైరస్ సోకిన కణం మీద గుర్తు చూసి సంపుడు వాటి పని. 2021లో జర్మనీ వాళ్లు చూపించింది ఏందంటే, కొవ్వు మంట ఉన్న లివర్‌లో కొన్ని సీడీ8 కణాలు గుర్తు చూడకుండనే పక్కనున్న కణాన్ని సంపుతయ్. చుట్టూ ఉన్న అసిటేట్, ఏటీపీ అనే రసాయనాలు వాటిని గట్ల తయారు చేస్తయ్. అదే ఏడు ఇంకో సంగతి తేలింది. లివర్ క్యాన్సర్‌కు టీ కణాలను రెచ్చగొట్టే కొత్త మందులు ఉన్నయ్ గదా, కొవ్వు కాలేయం నుంచి వచ్చిన క్యాన్సర్‌కు అవి అంత బాగ పనిచేస్తలేవు. నువ్వు చదివిన 2016 పరీక్షలో సీడీ4 కాపలా చచ్చుడు, ఇక్కడ సీడీ8 కాపలాకు పిచ్చెక్కుడు. రెండూ ఒకే లివర్‌లో.

ఈ భాగం నేను రెండుసార్లు అడిగి రాసుకున్నాను. తిన్న తిండి రక్షణ కణం స్వభావాన్నే మారుస్తుందన్న సంగతి ‘కొలెస్ట్రాల్ పెరిగింది’ అన్నంత తేలిగ్గా మనకు అర్థం కాదు. డాక్టర్లు కూడా రోగికి చెప్పరు. చెప్పే తీరిక వాళ్లకు లేదు.

బావ: గయితే మా ఇప్పనూనె? గోండు గూడేల్లో తాతల నుంచి వండుకున్నదే గదా. వాళ్లకు ఈ రోగం ఎక్కడిది? నేను ఉట్నూరు నుంచి ఇప్పగింజలు తెప్పిచ్చి ఆడిద్దామనుకుంటున్న.

మరదలు: ఇప్పనూనెలో సగానికి దగ్గర సంతృప్త కొవ్వే బావా. పామిటిక్, స్టియరిక్ రెండూ ఉంటయ్, అందుకే చలికాలం గడ్డ కడ్తది. కాగితం మీద చూస్తే పామాయిల్‌కు తమ్ముడు అయితది. తాతలకు ఏం కాలేదంటే వాళ్లు ఎండకాలం గింజలు ఏరి, ఎండబెట్టి, కొట్టి తీసుకునేటోళ్లు. సీసాలు సీసాలు పోసుకునేటోళ్లు కాదు. గుట్టెక్కి దిగేటోళ్లు. జొన్న తినేటోళ్లు. నూనెను ఆ బతుకు నుంచి విడదీసి నీ సీసాలో పోసి కరీంనగర్ ఫ్లాట్‌లో అమ్మితే అది వేరే వస్తువు.

బావ: నీ లెక్కన ఏ నూనె అయినా అమ్మొద్దు.

మరదలు: అమ్ము. ఎంత అమ్ముతున్నవో చూస్కో. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన పళ్లెంలో రోజంతటికి నూనె, నెయ్యి కలిపి మనిషికి 27 గ్రాములు. నలుగురుండే ఇంటికి నెలకు ఎంతయితదో లెక్క కట్టు.

బావ ఫోన్ తీసి లెక్క కట్టాడు. మూడున్నర లీటర్ల చిల్లర వచ్చింది.

బావ: నా గిరాకీలు ఐదు లీటర్ల క్యాన్ కొంటరు. నెల కాకముందే మళ్ల వస్తరు.

మరదలు: గానుగదని, మంచిదని, చెయ్యి జారవిడుస్తరు. గదే నాకు భయం. లేబుల్ మీద రోగం పేరు రాస్తే ఇంక ధీమ ఎక్కువైతది. రోగం తగ్గిస్తదని తిండి సీసా మీద రాయొద్దని 2018 నిబంధనల్లో కూడ ఉన్నది, ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వస్తే నేను రాను.

బావ: మరి తగ్గించేటిది ఏదీ లేదా? ఊకే భయపెడ్తరు.

మరదలు: ఉన్నది. 2015లో క్యూబాలో 293 మందిని ఏడాది పాటు తిండి, నడకలతో చూసిన్రు. ఒంటి బరువులో పదో వంతు తగ్గినోళ్లలో 90 శాతం మందికి లివర్‌లో మంట పోయింది. 45 శాతం మందికి మచ్చ కూడ వెనుకకు పోయింది. ఏ కణాన్నీ ఆపలేదు, ఏ మీటా మూయలేదు. మోత దించిన్రు, మిగతా పని ఆ కణాలే చేసుకున్నయ్. మందులు కూడ వచ్చినయ్, 2024లో అమెరికాలో రెస్మెటిరోమ్‌కు అనుమతి ఇచ్చిన్రు. అది తీసుకునేటోడు కూడ తిండి చూసుకోవాలె. ఇగ కల్లు, మందు సంగతి నిన్ను అడుగుత లేను, అక్క ముందట.

బావ: అడుగకు.

అక్క వంటింట్లోంచి బయటికి వచ్చి బావ పోయిన నెల చేయించుకున్న రక్తపరీక్ష కాగితం మరదలు చేతిలో పెట్టింది. బావ చూడనట్టు సకినం కోసం చెయ్యి చాపాడు. మరదలు చదివింది: వయసు 58, లివర్ ఎంజైములు ఏఎస్‌టీ 46, ఏఎల్‌టీ 52, ప్లేట్‌లెట్లు 2 లక్షల 10 వేలు.

బావ: ల్యాబోడు ‘కొంచెం పైన ఉన్నది, ఏం గాదు’ అన్నడు.

మరదలు: వయసును ఏఎస్‌టీతో గుణించి, వేలల్లో చెప్పిన ప్లేట్‌లెట్లనూ ఏఎల్‌టీ వర్గమూలాన్నీ గుణించిన దానితో భాగిస్తే ఒక అంకె వస్తది. ఫిబ్-4 అంటరు. పైసా ఖర్చు లేదు. 1.3 లోపు ఉంటే మచ్చ ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే గట్టిగ చూడాలె. నీది 1.76.

బావ: నడుమ ఉన్నది గదా.

మరదలు: నడుమ ఉంటే ఫైబ్రోస్కాన్ తీయాలె. లివర్ ఎంత గట్టిపడ్డదో చెప్తది. కోసుడు లేదు, సూది లేదు. మూడు గంటలు ఏం తినకుండ రావాలె.

బావ: మూడు గంటలేనా? గయితే సోమవారం పొద్దుగాల పోదం. గానుగ పదకొండింటికి తెరుస్త.